కళాయి పూసిన పళ్ళెం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. కొంచెం పెంచుతాను అనబోయాను గానీ అది తగ్గించి చెప్పడం అవుతుంది. మచిలీపట్నంలో మా ఇంట్లో నా మాటలు వినడానికి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. పాము కనపడిందంటే వానపాము అనుకుంటారు. వీధి మునిగిపోయిందంటే పంపు కట్టెయ్యడం మరిచిపోయానని అర్థం చేసుకుంటారు. జ్వరం నూట నాలుగంటే మా ఆవిడ థర్మామీటరు విదిలించి మళ్ళీ పెడుతుంది. పత్రికల్లో హాస్యం రాసుకుని బతికేవాణ్ణి. ఉన్నదున్నట్టు రాస్తే అది అర్జీ అవుతుంది తప్ప హాస్యం అవదు. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. పెంచడానికి అడుగున గింజంటూ ఒకటి ఉండాలి. ఈ అధ్యాయంలో గింజ ఉండి పెంచినవి బోలెడున్నాయి, వాటికి క్షమాపణ చెప్పను. గింజే లేకుండా మొలిపించింది మాత్రం ఒక్కటుంది. అదేమిటో చివర చెబుతాను. మధ్యలో మీకు దొరికిపోతే మనసులోనే ఉంచుకోండి.

గుడివాడలో ఉండే మా అక్క కూతురు మేఘన మొన్నొక శుక్రవారం పొద్దున్నే స్కూటీ మీద దిగి, నా కాఫీ పక్కన ఒక కాగితాల కట్ట పెట్టింది. కట్ట బరువు ఏనుగు పిల్లంత ఉంటుంది. కాఫీ కప్పు భయపడి అంచుకు జరిగింది.

"ఏంటమ్మా ఇది, ఓటర్ల లిస్టా?"

"నవల మావయ్యా. నేను రాశాను. టీనేజి పిల్లలు చదివే ఫాంటసీ. సోమవారం పబ్లిషర్‌కి పంపాలి. ఈలోగా నువ్వు చదివి పెట్టాలి."

"నేను టీనేజి దాటి నలభై ఏళ్ళయింది కదే."

"అందుకే మూడు రోజులు టైమిచ్చాను. పిల్లలైతే ఒక్క పూటలో చదివేస్తారు."

చదివాను. అర్థం కాకపోయినా చదవడం హాస్యరచయితలకు అలవాటే. రెండు నదీపాయల మధ్య ఒక రాజ్యం. ఏటా ఉప్పునీళ్ళు కొంచెం కొంచెంగా ఆ నేలను తినేస్తుంటాయి. రాజ్యంలో లయ మింగే రాజు ఒకడున్నాడు. వాడు ఊళ్ళోకొస్తే రోళ్ళలో రోకళ్ళు తడబడతాయి, పిల్లల గుండెలు దరువు తప్పుతాయి. వాణ్ణి ఎదిరించేది పదహారేళ్ళ నిహార. ఆ పిల్ల కత్తి పట్టదు, కూచిపూడి ఆడుతుంది. పతాక హస్తం పడితే అల ఆగిపోతుంది. కర్తరీముఖం పడితే సంకెళ్ళు తెగిపోతాయి. అలపద్మం విప్పితే చచ్చిన చేలు చిగురిస్తాయి. మా రోజుల్లో ముద్ర తప్పితే మోకాలి మీద కర్ర పడేది. ఈ నవలలో ముద్ర తప్పితే మూడు గ్రామాలు మునుగుతాయి. ఎవరి గురువు మెతకో నాకు తేలలేదు. ఇంకా ఆ రాజ్యంలో గుర్రాలుండవు, జనమంతా రెక్కలున్న రొయ్యల మీద తిరుగుతుంటారు. ఫోన్ చేసి అడిగాను, "ఎన్ని కౌంటు రొయ్యమ్మా అది, కిలోకెన్ని తూగుతాయి, మనిషిని మోసేది?" అని. "మావయ్యా, ఫాంటసీలో కౌంటు అడక్కూడదు" అంది. దివిసీమలో పుట్టిన ఏ కథలోనైనా రొయ్య కనపడితే కౌంటు అడగకుండా ఎలా ఉంటారో మళ్ళీ నాకు అర్థం కాలేదు.

అంత అయోమయంలోనూ ఒకచోట ఆగిపోయాను. ఆఖరి అధ్యాయంలో నేలంతా కుంగిపోతుంటే నిహార ఒక ఇత్తడి పళ్ళెం అంచుమీదకు ఎక్కుతుంది. మునగని నేల అదొక్కటే. తలమీద చెంబు, చెంబు నిండా నీళ్ళు. ఆ పిల్ల నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, కుడి మడమ కొంచెం లేపి, పళ్ళేన్ని ముందుకు జరుపుకుంటూ పోతుంది. సముద్రం వెనక్కి తగ్గుతుంది. ఆ నాలుక కొస దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ నాలుకను నేనెరుగుదును.

చివరి పేజీలో రచయిత్రి మాట ఉంది. "ఈ కథలో పళ్ళెం కల్పన కాదు. మా మావయ్య పదేళ్ళ వయసులో కోడూరులో, తుఫాను గాలిలో, దాని మీద నిలబడి ఆడాడు. ఆ పళ్ళెం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇది నిజం." ఆ తర్వాత పళ్ళెం ఫోటో కోసం ఖాళీ వదిలింది.

ఈ 'నిజం' ఎలా పుట్టిందో చెప్పాలి. మేఘన ఆరేళ్ళప్పుడు సెలవులకు మా ఇంటికొచ్చేది. ముద్ద మింగేది కాదు. మా మేనత్త కోటమ్మ అప్పటికి కోడూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉండేది. తన పళ్ళెంలో అన్నం కలిపి ఆ పిల్లకు పెట్టేది. పక్కన కూర్చుని కథ చెప్పడం నా పని. ముద్దకో తరగతి చొప్పున అబద్ధం పై క్లాసుకు వెళ్ళేది. పప్పన్నానికి గాలి లేచేది, చారన్నానికి తుఫాను అయ్యేది, పెరుగన్నానికి వచ్చేసరికి సముద్రం వెనక్కి తగ్గేది. పళ్ళెం అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు అరిగి, మసి పట్టి ఉండేవి. "అవేంటి మావయ్యా?" అంటే "పాతకాలపు మంత్రం" అన్నాను. అత్తయ్య నా వంక ఒక్క చూపు చూసి "ఊఁ" అంది. మా అత్తయ్య జీవితమంతా మాట్లాడిన మాటలు ఒక పోస్టుకార్డు మీద పడతాయి. మిగిలిందంతా 'ఊఁ'. ఆ 'ఊఁ'కు పదిహేడు అర్థాలున్నాయని లెక్కపెట్టాను. ఆ రోజుది ఏదో మాత్రం నాకప్పుడు తెలియలేదు.

శనివారం సాయంత్రం మేఘన ఫోటో తియ్యడానికొచ్చింది. పెరట్లో కూర్చుని చింతపండు పెట్టి పళ్ళేన్ని గంటసేపు తోమింది. "బయటంతా బంగారంలా వచ్చింది మావయ్యా, లోపల మాత్రం ఈ బూడిద రంగు పోవట్లేదు, ఎంత తోమినా" అంది. "పాతది కదమ్మా, ముసలితనం" అన్నాను. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. వెళ్ళి చూస్తే అంచు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది.

"కె. సుగుణ. కంఠత వాక్యములు. ప్రథమ బహుమతి." తలెత్తింది. "మావయ్యా, ఇది మంత్రం కాదు. సండే స్కూలు ప్రైజు. సుగుణ ఎవరు?"

"కోడూరులో మాకు ఆట నేర్పిన మాస్టారి క్లాసులో ఉండేది."

"ఆవిడ పళ్ళెం మనింట్లో ఎందుకుంది? నువ్వాడింది దీని మీదే కదా?"

"దీని మీద కాదు. అత్తయ్య పళ్ళెం మీద."

"మరి అత్తయ్య పళ్ళెం ఏది?"

"సుగుణ దగ్గర ఉండొచ్చు."

"ఆడింది నువ్వే కదా?"

నోరు తెరిచాను. ఇన్నేళ్ళూ గుడివాడ టీ బంకుల్లో, బందరు పెళ్ళి పందిళ్ళలో తడుముకోకుండా ఆడేశాను ఆ ఆట. ఆ క్షణాన మాత్రం "అనుకుంటున్నాను" అన్న మాట బయటికొచ్చింది.

"అనుకోవడమేంటి మావయ్యా!" ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రెక్కల రొయ్యలు నేను కల్పించాను, లయ మింగేవాణ్ణి కల్పించాను. ఒక్క పళ్ళెం కింద మాత్రం 'ఇది నిజం' అని రాశాను. ఎవరు ఆడారో తెలిస్తేనే ఆ పేజీ ఉంటుంది. లేకపోతే ఆఖరి అధ్యాయమే తీసేస్తాను."

ఆ రాత్రి భోజనమయ్యాక కూర్చుని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. జ్ఞాపకం నా దగ్గర పెద్ద గిడ్డంగి. సరుకు నిండా ఉంది, ఏ బస్తా మీదా చీటీ లేదు. వేసవి సెలవులకు గుడివాడ నుంచి నన్ను కోడూరు పంపేవాళ్ళు. అత్తయ్య ఇంటికి ఒక వాసనుండేది. ఉప్పుగాలి, ఊకపొయ్యి పొగ, వెన్న కాచిన గిన్నె, నానిన గేదెల దాణా, ఇవన్నీ కలిసి ఒకే వాసన. తెల్లారకుండానే కవ్వం మొదలయ్యేది. అత్తయ్య మగ్గిన బంగినపల్లిని వాసన చూసి ఏ చెట్టుదో చెప్పేది. ఆవకాయ జాడీలు మనిషెత్తున ఉండేవి (కూర్చున్న మనిషెత్తు). తన గిన్నె, గరిటె, చెంబు, అన్నిటి మీదా 'కోటమ్మ' అని పేరు కొట్టించి ఉండేది. పెళ్ళిళ్ళకు ఇచ్చిన గిన్నెల్ని వంద గిన్నెల్లోంచి కూడా చీకట్లో తడిమి పట్టేది. పొరపాటున పక్కింటి స్పూను వచ్చిందంటే పొద్దుగూకే లోపు ఆ స్పూను సొంతింటికి చేరేది. ఏటా వేసవి మొదట్లో కళాయి పూసే ఆయన వచ్చేవాడు. పెరట్లో గుంట తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. కాలిన గిన్నెలో నవసాగరం చల్లితే తెల్లటి పొగ ముక్కులోంచి దూరి నడినెత్తిన బయటికొచ్చేది. దూదితో తగరం ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల చందమామ దిగేవాడు. ఆ వాసన ఇప్పుడెక్కడా లేదు. ఇప్పుడు మా ఇంట్లో గిన్నెలన్నీ స్టీలువి. వాటిలో చందమామ ఎప్పుడూ ఒకేలా ఉంటాడు, ఏ వేసవీ కొత్తగా దిగడు.

ఆ వేసవిలో కూచిపూడి నుంచి ఒక మాస్టారు వారానికి రెండు రోజులు బస్సులో కోడూరొచ్చి, స్కూలు షెడ్డులో పిల్లలకు ఆట నేర్పేవారు. పదిమంది ఆడపిల్లలు, నేను. ఒకప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారట. క్లాసులో ఒక్క మగపిల్లాడైనా లేకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. అత్తయ్యేమో నన్ను ఇంట్లోంచి పంపించే సాకు కోసం వెతుకుతోంది. అలా కళ నా మీద పడింది. మాస్టారు చెక్కముక్క మీద కర్రతో దరువు వేస్తుంటే, తకధిమి చెప్పే నోరు ఒకటి, వేసే కాలు ఇంకొకటి. నావి రెండూ ఎప్పుడూ కలుసుకోలేదు. సుగుణకు పదకొండేళ్ళు. చర్చి దగ్గర పేటలో ఉండేది, గట్టు మీద నడిచొచ్చేది. చెప్పిన అడుగు ఒక్కసారికే పట్టేది. పళ్ళెం మీద ఆటకు ఎవరి పళ్ళెం వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. సుగుణ తన సండే స్కూలు బహుమతి తెచ్చింది. మాస్టారు దాని అంచు నొక్కి చూసి, "పలచనమ్మా, పాదం కోస్తుంది" అన్నారు. అత్తయ్యదేమో మందపాటి అంచున్న పళ్ళెం, కాలి వేళ్ళు పట్టు చిక్కేలా లోపలికి మలిచి ఉండేది. అది నాకిచ్చి పంపింది.

ఆఖరి రోజు ప్రదర్శన. ఊరంతా వచ్చింది. నా లెక్కలో పదివేల మంది, షెడ్డులో పట్టేది నూరుమంది. ఎవరో నా తలమీద చెంబు పెట్టారు. నేను పళ్ళెం ఎక్కాను. ఇక్కడి నుంచే పేచీ మొదలవుతుంది. నా జ్ఞాపకంలో ఆట మొత్తం కనిపిస్తుంది. చెంబు కదలదు, మడమ లేస్తుంది, నాలుక కొస పళ్ళ మధ్య ఉంటుంది. కానీ ఆడినవాడికి తన కాళ్ళ కింద పళ్ళెం కనిపించాలి గానీ తన ముఖం తనకెలా కనిపిస్తుంది? నేను చూసిన ముఖం నాది కాదు. అంటే నేను ఎదురుగా ఎక్కడో నిలబడి ఉండాలి. నిలబడి ఉంటే, పళ్ళెం దిగి ఉండాలి. దిగానా, పడ్డానా? ప్రెసిడెంటు గారి పంచె తడిసినట్టు కూడా గుర్తుంది. అది ఏ బస్తాలోదో తెలియదు.

తర్వాతిది మాత్రం స్పష్టంగా ఉంది. ఆట అయ్యాక సుగుణ అత్తయ్య పళ్ళేన్ని బోరింగు దగ్గర కడిగి, పావడాతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అత్తయ్య ఆ పళ్ళెం తీసుకోలేదు. గోడకు ఆనించి ఉన్న సుగుణ పళ్ళెం తీసి చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో పక్కింటావిడ, "ఏం కోటమ్మా, ఆ పిల్ల ముట్టుకుంది కదాని నీది ఒదిలేశావా?" అని అడిగింది. అత్తయ్య "ఊఁ" అంది. ఏ ఊఁ? మరుసటి వేసవి మాస్టారు మళ్ళీ వచ్చినప్పుడు, సుగుణను పిలుచుకు రమ్మని అత్తయ్య నన్ను రెండుసార్లు పంపింది. రెండుసార్లూ వాళ్ళింటికి తాళంకప్ప వేలాడుతోంది. వచ్చి అదే చెప్పాను. ఆ తర్వాత మాస్టారు రావడం మానేశారు.

ఆదివారం మధ్యాహ్నం మేఘన స్కూటీ మీద కోడూరు బయల్దేరాం. వెనక కూర్చుని పళ్ళేన్ని గుండెకు అడ్డంగా పట్టుకున్నాను. చల్లపల్లి దాటేసరికి ఎండకు అది సూర్యుడి తమ్ముడిలా వెలగడం మొదలుపెట్టింది. ఎదురొచ్చేవాళ్ళు హారతి అనుకుని కళ్ళకద్దుకున్నారు. మోపిదేవి దగ్గర ఒకాయన స్కూటీ ఆపి తీర్థం అడిగాడు. (ఈయన ఉన్నాడు. అడిగింది తీర్థం కాదు, లిఫ్టు.) అవనిగడ్డ దాటాక వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. నేను చూసిన చేలు సగం ఇప్పుడు ఉప్పునీళ్ళ కిందున్నాయి. ఏటా కొంచెం కొంచెంగా నేలను తినే నీళ్ళు ఆ పిల్ల నవల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది.

సుగుణను వెతకడం కష్టం కాలేదు. "టీచరు గారా? చర్చి వెనక" అన్నారు. టీచరు ఉద్యోగం ఇంకో ఏడాదిలో అయిపోతుందట. వసారాలో ఎనిమిదిమంది పిల్లల చేత క్రిస్మసు ఆట సాధన చేయిస్తోంది. ముగ్గురు జ్ఞానులు ఒంటెలు దొరక్క కూచిపూడి అడుగుల మీద బెత్లెహేము వస్తున్నారు. ఒక జ్ఞాని అడుగు తప్పాడు. "ఒరేయ్, నువ్విలా నడిస్తే దేవుడు పుట్టి పెళ్ళి కూడా అయిపోద్దిరా!" అంటూ తిరిగి, నన్ను చూసింది. కళ్ళజోడు పైకి తోసింది.

"నువ్వు... చెంబుబాబువి కదూ!"

మేఘన నా వైపు తిరిగింది. "చెంబుబాబా?"

"ఈయన్ని ఊరంతా అదే అనేవాళ్ళమమ్మా. పళ్ళెం ఎక్కీ ఎక్కగానే దబ్బున పడ్డాడు. చెంబు వెళ్ళి ప్రెసిడెంటు గారి ఒళ్ళో పడింది. ఆయన పంచె మొత్తం నీళ్ళు."

"తుఫాను గాలి కదా సుగుణగారూ, మరి..." అన్నాను.

"తుఫానా? ఎండ మాడిపోతోంది, రేకులు కాలిపోతున్నాయి. ప్రెసిడెంటు గారికి టేబుల్ ఫ్యాను పెట్టారుగా పక్కన? ఆ గాలే గాలి!"

పిల్లలు పడీపడీ నవ్వారు. నా జీవితంలో అతి పెద్ద తుఫాను అలా టేబుల్ ఫ్యానుగా బలహీనపడి కోడూరు వద్ద తీరం దాటింది.

"మరి ఆ రోజు ఆడింది ఎవరండీ?" అడిగింది మేఘన.

"ఈయన పడ్డాక మాస్టారు తల పట్టుకున్నారు. నేనే వెళ్ళి ఎక్కేశాను. ఎవరూ ఎక్కమన్లేదు." మేఘన వైపు తిరిగి, "అదే మొదలు, అదే ఆఖరు" అంది.

నేను పళ్ళెం ఆమె చేతిలో పెట్టాను. అంచు మీద తన పేరు చదువుకుని, లోపలికి వెళ్ళి, కుర్చీ వేసుకుని అటక మీద నుంచి పాత చీర ముక్కలో చుట్టిన మూట దించింది. అత్తయ్య పళ్ళెం. ఒక్క గీత లేదు. దివిసీమ ఉప్పుగాలికి పచ్చగా కిలుం పట్టింది, అంతే.

"దీన్ని వాడలేదా?"

"ఎట్టా వాడతాను? తీసుకుపోయి ఇంట్లో చెబితే అమ్మ ఏమందో తెలుసా? 'నువ్వు ముట్టుకున్నాక అది ఆ ఇంటి వంటింట్లోకి పోదే, అందుకే ఒదిలేశారు. ఊరికే ఒదిలేసింది మనకొద్దు, అడిగిననాడు ఇచ్చేద్దాం' అంది. మరి నా పళ్ళెం ఎందుకు పట్టుకెళ్ళారే అంటే, 'గేదెలకు తవుడు కలపడానికిలే' అంది." సుగుణ నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. "ప్రైజు పళ్ళెం బాబూ అది. నూరు వాక్యాలు అప్పజెప్పాను. గేదెలు తింటున్నాయనుకుంటే ఏడుపొచ్చేది. ఇక ఆ క్లాసుకు పోబుద్ధి కాలేదు."

మాట్లాడుతూనే తన పళ్ళేన్ని వెలుతురుకు తిప్పింది. తిప్పి, ఆగింది. బొటనవేలితో లోపలి బూడిద రంగును రుద్దింది. మళ్ళీ రుద్దింది.

"ఇది కళాయి."

"ఎంత తోమినా పోలేదండీ" అంది మేఘన.

"పోదమ్మా, తగరం అది. ఇత్తడిలో పులుసు పోస్తే చేదెక్కుద్ది కదా, అందుకని తినే పళ్ళేలకు పూయిస్తారు. గేదెల పళ్ళేనికి ఎవరూ పూయించరు." నా వైపు చూసింది. "ఇందులో ఎవరు తిన్నారు?"

"అత్తయ్య."

"ఎన్నాళ్ళు?"

"పోయేదాకా. రెండు పూటలా. మా ఇంటికి వచ్చేటప్పుడు ఇదొక్కటే సంచిలో పెట్టుకుని వచ్చింది. ఈ పిల్లకు కూడా ఇందులోనే తినిపించింది."

సుగుణ అరుగు మీద కూర్చుండిపోయింది. పళ్ళెం ఒళ్ళో ఉంది. ముగ్గురు జ్ఞానులూ నవ్వు మానేసి ఆమెనే చూస్తున్నారు. అంచు మీది పేరు తడుముతూ, "అయితే అది నాకిచ్చారన్నమాట. ఆడుకోమని" అంది. తలెత్తి, "మరి పిలవలేదేం?" అంది.

"పిలిచింది. మరుసటి ఏడు నన్ను పంపింది. మీ ఇంటికి తాళంకప్ప ఉందప్పుడు."

"మా ఇంటికి తాళంకప్పా?" సుగుణ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "తడిక తలుపు బాబూ మాది. తాడేసి కట్టేవాళ్ళం. నువ్వు వేరే ఎవరింటికో వెళ్ళుంటావు."

"అయ్యుంటుంది" అన్నాను.

ఆ తర్వాత ఆమె లేచి, అత్తయ్య పళ్ళేన్ని వసారా గచ్చు మీద పెట్టింది. "మోకాళ్ళు ఒప్పుకోవు. ఒక్కసారి చూద్దాం. ఒరేయ్, ఆ బల్ల మీద దరువెయ్యండ్రా." చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపి, మేఘన భుజం పట్టుకుని ఎక్కింది. తర్వాత ఆ భుజం వదిలేసింది. పళ్ళెం గచ్చు మీద కీచుమంది. ఒక జాన. రెండు జానలు. కుడి మడమ కొంచెం లేచింది. నాలుక కొస పళ్ళ మధ్యకు వచ్చింది. మేఘన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మావయ్యా, నిహార" అంది. సముద్రం వెనక్కి తగ్గిందని ఈసారి చెప్పను. సుగుణ నాలుగు జానలు పోయి, ఆయాసపడుతూ దిగింది. అంతే.

వచ్చేటప్పుడు ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకుందామన్నాను. "వద్దు. ఆ ప్రైజు పళ్ళెం మీ అత్తయ్యదే ఇప్పుడు. ఇది నాది" అంది సుగుణ. "దీనికి కళాయి పూయించుకోవాలి. పూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటే చెప్పు బాబూ." ఇంకా వెతుకుతున్నాను. బందరులో ఒకరు, గుడివాడలో ఒకరు, ఇద్దరూ మానేశారు. పిల్లల నవల్లో ముద్ర పడితే చచ్చిన చేలు చిగురిస్తాయి. కళాయి పూసే మనిషిని మొలిపించే ముద్ర ఏదో మాత్రం ఆ పిల్ల ఇంకా రాయలేదు.

మేఘన చివరి పేజీ మార్చి సోమవారం పంపింది. "ఈ పళ్ళెం కల్పన కాదు. కోడూరులో, మండుటెండలో, దాని మీద ఆడింది సుగుణ గారు. మా మావయ్య చెంబు మోశాడు, కొద్దిసేపు. ఇది నిజం."

ఇక నా బాకీ. పదివేలమంది, మనిషెత్తు జాడీలు, తీర్థం అడిగినాయన, వీటిని మీరెప్పుడో పట్టేసి ఉంటారు. అవి పెంచినవి. తుఫాను నేను నిజంగానే నమ్మాను. అత్తయ్య ఆ పళ్ళెంలో తిన్నది గింజ గింజా నిజం. నేను కల్పించింది తాళంకప్ప ఒక్కటే. అత్తయ్య పంపిన రెండుసార్లూ నేను సుగుణ ఇంటికి వెళ్ళలేదు. ఇల్లు నాకు బాగా తెలుసు. కాలవ తూము మీద కూర్చుని, వెళ్ళొచ్చేంత సేపు రాళ్ళు విసిరి, తిరిగొచ్చి చెప్పాను. ఎందుకన్నది మొన్న సుగుణ పిలుపుతోనే గుర్తొచ్చింది: ఆ వేసవి ఊళ్ళో దిగీ దిగగానే నన్ను చెంబుబాబు అన్నారు, ఆ పిల్ల మళ్ళీ ఎక్కితే మళ్ళీ అంటారని. మొదట అత్తయ్యకు చెప్పాను, మొన్న సుగుణకు చెప్పాను, పైన మీకూ చెప్పాను. ఈ అధ్యాయం అచ్చయ్యాక మొదటి కాపీ పట్టుకుని కోడూరు వెళ్తాను. తడిక తలుపు ఇప్పుడు లేదు. తీసి ఉన్న గుమ్మంలో నిలబడి పిలుస్తాను.